పేరుమోసిన రెస్టారెంట్‌లో టేబుల్ దొరకాలంటే: 15 చిట్కాలు

పెళ్లిరోజుకో, నాన్నగారి షష్టిపూర్తికో ఓ గొప్ప రెస్టారెంట్‌లో భోంచేద్దామనుకుంటాం. తీరా అడిగితే 'రెండు నెలల దాకా ఖాళీ లేదండీ' అంటారు. అందులో బడాయేమీ లేదు, ఉన్న కుర్చీలే తక్కువ. హిమాచల్‌లో కసౌలీ దగ్గరున్న 'నార్'లో కూర్చునేది 16 మంది. టోక్యో గింజాలోని 'సుకియాబాషి జిరో' సుషీ కౌంటర్ ముందు 10 కుర్చీలు. 2011లో మూతపడిన స్పెయిన్ 'ఎల్ బుల్లీ' ఏడాదికి సుమారు 8,000 మందికి వడ్డించేది, అడిగేవాళ్లు మాత్రం లక్షల్లో ఉండేవారు.

అయితే వాళ్లకూ ఓ బెంగ ఉంది. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన కుర్చీని రేపు అమ్ముకోలేరు. తెచ్చిన సరుకు, ఇచ్చే జీతం రెండూ దండగ. అందుకే సిఫారసుతో వచ్చేవారికన్నా, చెప్పిన వేళకు వచ్చి, ముందే డబ్బు కట్టి, వాళ్లకు మిగిలిపోయే వేళల్లో సర్దుకునే అతిథంటేనే వాళ్లకు ముద్దు. ఆ అతిథి మీరే కావాలంటే ఏం చేయాలో చూడండి.

1. ఏ దారిలో బుక్ చేస్తారో ముందు కనుక్కోండి.
ఒక్కో రెస్టారెంట్‌ది ఒక్కో దారి. అమెరికాలో చాలావరకు ఓపెన్‌టేబుల్, రెజీ, టాక్ యాప్‌లు నడుస్తాయి. మన దగ్గర డిస్ట్రిక్ట్, స్విగ్గీ డైనౌట్, ఈజీడైనర్ ఉన్నాయి. షెఫ్ నిర్ణయించిన వంటకాలే వరసగా వడ్డించే టేస్టింగ్ మెనూ చోట్లు ఎక్కువగా సొంత వెబ్‌సైట్‌నో, ఫోన్‌నో నమ్ముకుంటాయి. ఒక యాప్‌లో ఖాళీ లేదంటే అన్నిచోట్లా లేనట్టు కాదు. అందుకే మొదట రెస్టారెంట్ సొంత సైట్‌కు వెళ్లి, అక్కడున్న బుకింగ్ బటన్ ఎటు తీసుకెళ్తుందో చూడండి. గూగుల్‌లో వెతికితే కనబడే ఫోన్ నంబర్లన్నీ అసలువి కావు. 'టేబుల్ ఖాయం చేయాలంటే ఈ క్యూఆర్‌కు రెండు వేలు పంపండి' అన్నవాడి ఫోన్ వెంటనే పెట్టేయండి.

2. టేబుళ్లు విడుదలయ్యే రోజు, గంట రాసిపెట్టుకోండి.
కొందరు నెలంతటికీ ఒకేసారి వదులుతారు. కాలిఫోర్నియా నాపా లోయలో థామస్ కెల్లర్ నడిపే 'ది ఫ్రెంచ్ లాండ్రీ' నెలకోసారి, ఒకటో తారీఖున, అక్కడి కాలమానం ప్రకారం ఉదయం పదింటికి తలుపు తెరిచే రకం. ఇంకొందరు రోజుకొక్క తేదీ చొప్పున, సరిగ్గా 14 రోజులో 30 రోజులో ముందు వదులుతారు. మీకు కావాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కేసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఈ పద్ధతులు మారుతుంటాయి కనుక బుక్ చేసే వారం ముందు సైట్ మళ్లీ ఒకసారి చూడండి.
ఇక్కణ్నుంచి బుక్ చేసేటప్పుడు చాలామంది బోల్తాపడేది గంటల లెక్కలోనే. కాలిఫోర్నియాలో ఉదయం పది అంటే మనకు ఎండాకాలంలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. మార్చిలోనూ నవంబరులోనూ అక్కడ గడియారాలు మార్చుకుంటారు. మన కన్నా టోక్యో మూడున్నర గంటలు ముందుంటుంది, దుబాయ్ గంటన్నర వెనక.

3. పదింటికంటే పావుగంట ముందే కూర్చోండి.
తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టు ఆన్‌లైన్‌లో పట్టినవారికి ఈ పని కొత్త కాదు. లాగిన్ పావుగంట ముందే అయిపోవాలి. పేరు, ఫోన్, కార్డు వివరాలు ముందే నింపి ఉండాలి. ఇంట్లో ఇద్దరు ఎవరి ఖాతాతో వాళ్లు, ఒకరు ల్యాప్‌టాప్‌లో, ఒకరు ఫోన్‌లో చూడండి. ఒకే ఖాతాను నాలుగు ట్యాబుల్లో తెరిస్తే పని చెడుతుంది.
గంట కొట్టగానే తేదీల కింద వేళల గడులు పడతాయి. ఏడున్నర గడి మీద వేలు పెట్టేలోపే అది బూడిదరంగులోకి మారిపోతుంది. దాని కోసమే పట్టుబట్టకుండా 5:30నో 9:15నో నొక్కేయండి. టాక్ లాంటి చోట్ల డబ్బు కట్టడానికి కొన్ని నిమిషాలు టేబుల్ మీ పేరున ఆపి ఉంచుతారు, తెర మీద అంకెలు తగ్గుతూ కనబడతాయి. అప్పుడు 'అత్తయ్యకు ఆ రోజు కుదురుతుందేమో కనుక్కుంటా' అని ఫోన్ అందుకున్నారంటే టేబుల్ పోయినట్టే. ఏ తేదీలైతే అందరికీ సరేనో ముందురోజే ఇంట్లో తేల్చుకోండి.

4. కార్డును విదేశీ చెల్లింపులకు తెరిచి ఉంచండి.
రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు మనం తెరిస్తే తప్ప పనిచేయవు. బ్యాంక్ యాప్‌లో కార్డు సెట్టింగులకు వెళ్లి ఆ రెండూ ఆన్ చేసి, పరిమితి పెంచి ఉంచండి. నలుగురికి ముందే కట్టాల్సి వస్తే పెద్ద మొత్తమే అవుతుంది. పైన ఫారెక్స్ రుసుము కూడా పడుతుంది. ఓటీపీ వచ్చే సిమ్ చేతిలోనే ఉండాలి. పని అయ్యాక మళ్లీ ఆఫ్ చేయడం మరవద్దు.

5. ఇద్దరైతే తేలిక, అయిదుగురైతే కష్టం.
చిన్న రెస్టారెంట్లలో బల్లలు ఎక్కువగా ఇద్దరికో నలుగురికో సరిపోయేవి. ముగ్గురు వస్తే నలుగురి బల్లలో ఓ కుర్చీ వృథా, అయిదుగురు వస్తే రెండు బల్లలు కలపాలి. ఆన్‌లైన్‌లో 'ముగ్గురు' అని వెతికితే ఖాళీ లేదన్నది 'ఇద్దరు' అంటే కనబడటం అందుకే. అలాగని ఇద్దరికి బుక్ చేసి నలుగురు వెళ్లకండి, మొహం మీదే కాదంటారు.
ఆరుగురికి మించితే యాప్‌ను వదిలేసి నేరుగా మెయిల్ రాయండి. ప్రైవేట్ డైనింగ్ గది ఉందా, ఇంత బిల్లు తప్పనిసరి అన్న షరతు ఉందా అని అడగండి. షష్టిపూర్తిలాంటి వాటికి అదే మేలు. ఒంటరిగా వెళ్లేవారికైతే కౌంటర్ సీటు చాలాసార్లు చివరి నిమిషంలో దొరుకుతుంది.

6. శనివారం రాత్రి ఎనిమిదిన్నర మీద ఆశ వదులుకోండి.
ఊరంతా అడిగేది దాన్నే. మంగళ, బుధవారాలు చూడండి. మధ్యాహ్న భోజనం పెట్టే చోటైతే అదే అడగండి. అదే వంటగది, అదే చేయి, చాలాచోట్ల ధర కూడా తక్కువ. అమెరికాలో సాయంత్రం అయిదున్నర వేళ చివరిదాకా మిగిలి ఉంటుంది. మన దగ్గర ఏడింటికి భోజనానికి కూర్చునేవాళ్లు తక్కువ కనుక మొదటి వాయి తేలిగ్గా దొరుకుతుంది. ప్రేమికుల రోజు, డిసెంబరు 31 రాత్రి పూర్తిగా మానుకోండి. ఆ రోజుల్లో మెనూ వేరు, ధర వేరు, వడ్డనలో హడావుడి వేరు. పెళ్లిరోజు ఆదివారం పడితే మంగళవారం జరుపుకున్నా ఎవరూ అనుకోరు.

7. వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, రద్దు గడువు ముగిసేముందు కాపు కాయండి.
బుక్ చేసినవాళ్లలో కొందరు మానుకుంటూనే ఉంటారు. వాళ్లెప్పుడు మానుకుంటారో కూడా ఊహించొచ్చు. 'భోజనానికి 48 గంటల లోపు రద్దు చేస్తే ఇంత కోత' అని షరతు ఉంటే, సరిగ్గా ఆ గడువు ముగిసేముందు మానుకునేవాళ్లంతా ఒక్కసారిగా వదులుతారు. శనివారం రాత్రి టేబుల్ కావాలంటే గురువారం సాయంత్రం మీరు యాప్‌లో ఉండాలి.
రెజీలో 'నోటిఫై' నొక్కి ఉంచితే ఖాళీ పడగానే కబురొస్తుంది. అదే కబురు వరసలో ఉన్న మిగతావాళ్లకూ వెళ్తుంది, ముందు నొక్కినవారిదే టేబుల్. ఆ యాప్‌కు నోటిఫికేషన్ శబ్దం ఆన్‌లో ఉంచండి. ఒక్క తేదీకి, ఒక్క వేళకు కాకుండా ఆ వారమంతటికీ పెట్టండి.

8. ఫోన్ చేయండి, కానీ వేళ చూసి.
రాత్రి ఎనిమిదింటికి చేస్తే ఎత్తినవారికి మాట్లాడే తీరిక ఉండదు. మధ్యాహ్నం భోజనాలు ముగిసి రాత్రి పని మొదలవకముందు, అంటే మూడు నుంచి అయిదు మధ్య చేయండి. మాట ఇలా ఉంటే బాగుంటుంది:
"నమస్తే అండీ. పద్దెనిమిదో తారీఖు రాత్రికి ఇద్దరికి టేబుల్ కావాలి. మీ సైట్‌లో నిండిపోయినట్టు చూపిస్తోంది. ఏడింటికైనా, తొమ్మిదిన్నరకైనా వస్తాం, పక్కరోజైనా పర్లేదు. ఎవరైనా మానుకుంటే ఈ నంబరుకు చెబుతారా? అరగంటలో వచ్చేస్తాం. మీ పేరు చెబుతారా అండీ?"
ఇందులో వాళ్ల పని సులువు చేసే మాటలు మూడున్నాయి: వేళలో పట్టింపు లేదు, రోజులో పట్టింపు లేదు, పిలిస్తే వస్తాం. మళ్లీ చేసినప్పుడు ఆ పేరుతోనే పలకరించండి. 'నేనెవరో తెలుసా' అన్నారంటే ఆ ఫలానావారు వచ్చినప్పుడల్లా టేబుల్ ఖాళీ ఉండదు.

9. జపాన్ వెళ్తుంటే హోటల్ కాన్సియర్జ్‌ను పట్టుకోండి.
అక్కడ పేరున్న చిన్న కౌంటర్లు కొన్ని ముక్కూమొహం తెలియనివారి ఫోన్ తీసుకోవు. సుకియాబాషి జిరోను 2019లో, రెస్టారెంట్లకు స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ తన జాబితాలోంచి తీసేసింది. వంటలో లోపం వచ్చి కాదు, అది సామాన్యులు బుక్ చేసుకోగలిగిన చోటు కాదని. ఇలాంటి చోట్ల మంచి హోటల్లో అతిథుల పనులు చక్కబెట్టే కాన్సియర్జ్ మాట చెల్లుతుంది. గది బుక్ కాగానే మెయిల్ రాయండి: మూడు రెస్టారెంట్ల పేర్లు మీ ఇష్టం వరసలో, వీలైన తేదీలు, ఎంతమంది, ఏం తినరు. బుక్ అయ్యాక మానేస్తే పోయేది ఆ కాన్సియర్జ్ పరువు కూడా, గుర్తుంచుకోండి.

10. హోటళ్లలోని రెస్టారెంట్లకు గది ఉన్నవారే ముందు వరస.
హైదరాబాద్ తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటల్‌గా తెరుచుకుంది. అక్కడి 'అదా'లో హైదరాబాదీ వంట తినాలంటే ముందే బుక్ చేసుకోవాలి. గేటు దగ్గరే పేరు అడుగుతారు, చూసొద్దామని కొండెక్కితే వెనక్కి రావాల్సిందే. ఇలాంటి చోట రాత్రి భోజనం నిండిపోతే సాయంత్రం టీకి అడిగి చూడండి, ప్యాలెస్ చూసినట్టూ ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది. ఎలాగూ ఒక రాత్రి ఉండే ఆలోచన ఉంటే గదితోపాటే టేబుల్ కూడా మాట్లాడుకోండి.

11. చేతిలో ఉన్న కార్డు ఏం ఇస్తుందో చూడండి.
అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019లో రెజీని, 2024లో టాక్‌ను కొనేసింది. ఆ సంస్థ ఖరీదైన కార్డులున్నవారికి కొన్ని రెస్టారెంట్లలో విడిగా టేబుళ్లు అట్టేపెడతారు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి దగ్గరో అల్లుడి దగ్గరో ఆ కార్డు ఉంటే బుకింగ్ బాధ్యత వాళ్లకే అప్పజెప్పండి. మన బ్యాంకుల ప్రీమియం కార్డుల్లో కొన్నింటికీ ఇలా బుక్ చేసిపెట్టే సేవ ఉంటుంది, కార్డు వెనక నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. ఒక్క భోజనం కోసం వేలల్లో ఏడాది రుసుము కట్టి కొత్త కార్డు మాత్రం తీసుకోకండి.

12. బ్లాక్‌లో కొనకండి.
న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లోని 'సెమ్మ'లో దోసె తినడానికి ఎంత పోటీ ఉందో అక్కడున్న మనవాళ్లను అడగండి. తమిళ పల్లె వంటతో 2022లో మిషెలిన్ స్టార్ తెచ్చుకుంది, షెఫ్ విజయ్ కుమార్‌కు 2025లో, అమెరికాలో షెఫ్‌లకిచ్చే జేమ్స్ బియర్డ్ అవార్డు కూడా వచ్చింది. పోటీ ఉన్నచోట దళారులు పుడతారు. సాఫ్ట్‌వేర్ పెట్టి టేబుళ్లన్నీ గుంజేసి ఆన్‌లైన్‌లో అమ్ముకునే వ్యాపారం ముదిరిపోయి, న్యూయార్క్ రాష్ట్రం 2024 డిసెంబరులో దాన్ని ఆపడానికి చట్టమే చేసింది. రెస్టారెంట్‌తో ఒప్పందం లేకుండా వెబ్‌సైట్లు దాని టేబుళ్లను అమ్మకూడదు. వేరేవారి పేరుతో వెళ్తే లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు, కట్టిన డబ్బు తిరిగొస్తుందన్న ఆశా లేదు.

13. తినని వాటి సంగతి బుకింగ్‌లోనే చెప్పండి.
టేస్టింగ్ మెనూ చోట తలల లెక్కన సరుకు తెప్పిస్తారు. కూర్చున్నాక 'మేం శాకాహారులం' అంటే వాళ్లు చేయగలిగింది తక్కువ. కొన్నిచోట్ల అసలు వీలుకాదని ముందే చెప్పేస్తారు. సుషీ కౌంటర్‌కు చేప తినని మనిషిని తీసుకెళ్లి లాభం లేదు.
బయటి దేశాల్లో ఒక్క 'వెజ్' అన్న మాట సరిపోదు, విడమరిచి రాయండి. మాంసం, చేప, గుడ్డు తినం; మాంసం ఉడికించిన నీళ్లు, జెలటిన్ కూడా వద్దు అని వివరంగా చెప్పండి. జపాన్‌లో కూరగాయల పులుసులోనూ బోనిటో అనే ఎండుచేపతో తీసిన 'దాషి' ఉండొచ్చు. అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరంటే అదీ రాయండి. వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్లుంటే అది మొదటి వాక్యంలోనే ఉండాలి.
శాకాహారులు నిరాశపడక్కర్లేదు. ఫ్రెంచ్ లాండ్రీలో రోజూ కూరగాయలతోనే ఓ పూర్తి మెనూ విడిగా ఉంటుంది. దుబాయ్‌లో 'అవతార' మొత్తం శాకాహారమే, 2023లో మిషెలిన్ స్టార్ వచ్చింది. పిల్లలను తీసుకెళ్లేవారు వయసు నిబంధన కూడా అడిగి తెలుసుకోండి.

14. డబ్బు కట్టేముందు షరతులు చదవండి.
చూడాల్సినవి ఇవి:
- మానుకుంటే డబ్బు తిరిగిస్తారా, లేదా? ముందే పూర్తిగా కట్టించుకునే చోట్ల సాధారణంగా తిరిగివ్వరు. అయితే టేబుల్‌ను మరొకరి పేరున మార్చుకోనిస్తారు, చుట్టాలకో స్నేహితులకో ఇచ్చేయొచ్చు.
- చెప్పిన ధరలో ఏమేం కలిశాయి? ఫ్రెంచ్ లాండ్రీలో సర్వీసు కలిపే చెబుతారు, పన్ను వేరు. మన దేశంలో మామూలు రెస్టారెంట్‌కు జీఎస్టీ 5 శాతం, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోనివాటికి 18 శాతం. సర్వీస్ చార్జీ తప్పనిసరి చేయకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.
- ఎంతసేపు ఆలస్యమైతే టేబుల్ వదిలేస్తారు? పావుగంట దాటితే ఇచ్చేసే చోట్లు ఉన్నాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో వెళ్తుంటే గంట ముందే బయల్దేరండి.
- దుస్తుల నిబంధన ఉందా? షార్ట్స్, హవాయి చెప్పులతో వెళ్తే గుమ్మంలోనే ఆపేసే చోట్లు చాలా ఉన్నాయి.

15. దొరక్కపోతే తోబుట్టువు రెస్టారెంట్‌కు వెళ్లండి. దొరికితే మాట నిలుపుకోండి.
కొన్ని తలుపులు తెరుచుకోవు. న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో 1896 నుంచి ఉన్న 'రావోస్'లో బల్లలన్నీ ఏళ్ల తరబడి వచ్చే పాతవాళ్లవే. వాళ్లలో ఒకరు పిలవాలి తప్ప కొత్తవారికి టేబుల్ లేదు. అలాంటి చోట టైమ్ వృథా చేసుకోకండి. మిగతావాటికి మాత్రం అదే యజమాని నడిపే మరో చోటు తరచూ ఉంటుంది. ఫ్రెంచ్ లాండ్రీ ఉన్న యౌంట్‌విల్‌లోనే కెల్లర్ 'బూషాన్', 'యాడ్ హాక్' నడుపుతున్నాడు. 2025లో మూడు మిషెలిన్ స్టార్లు తెచ్చుకుని ఆ ఘనత సాధించిన తొలి భారతీయ రెస్టారెంట్ దుబాయ్ 'ట్రెసిండ్ స్టూడియో'. అందులో కుర్చీలు చాలా తక్కువ, అదే ఊళ్లో దానికన్నా ముందు పుట్టిన 'ట్రెసిండ్'లో టేబుల్ తేలిగ్గా దొరుకుతుంది. అక్కడ బాగా తిని, వడ్డించినవారితో నాలుగు మాటలు మాట్లాడి, 'స్టూడియోలో ఎప్పుడు అడిగితే మంచిదండీ' అని అడగండి. సైట్‌లో లేని సమాధానం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.
టేబుల్ చేతికొచ్చాక వెళ్లలేని పరిస్థితి వస్తే గడువు లోపల తప్పకుండా రద్దు చేయండి. ఈ యాప్‌లన్నీ అతిథుల చరిత్ర రాసిపెడతాయి. ఓపెన్‌టేబుల్‌లో ఏడాదిలో నాలుగుసార్లు చెప్పకుండా ఎగ్గొడితే ఖాతానే ఆపేస్తారు. చెప్పిన వేళకు వెళ్లి తిన్నవారి పేరు పక్కన కూడా ఓ మాట రాసుకుంటారు. కాబట్టి భోజనం నచ్చితే బిల్లు కట్టి లేచేముందే వచ్చే ఏడాది పెళ్లిరోజుకు ఎప్పుడు అడగాలో అక్కడున్న మేనేజర్‌నే అడిగి, ఆయన చెప్పిన తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.